ఎస్టీడీ బూత్ అరుగు మీది వాదనలు

లెక్చరర్ సారు ఇక లేరని వాట్సాప్‌లో తెలిసింది. పెద్ద వయసే, కొన్నాళ్లుగా మంచం మీదే ఉన్నారు, అయినా ఆ మెసేజ్ చూడగానే చేతిలో పని ఆగిపోయింది. దినాలకు హన్మకొండ వెళ్లాను. అక్కడ టెలిఫోన్ లైన్‌మన్ అన్న కనబడ్డాడు, పత్తి సేటు కనబడ్డాడు. ముగ్గురం భోజనాలయ్యాక వెనక వేపచెట్టు కింద కుర్చీలు లాక్కొని కూర్చున్నాం. అరగంటలో లేద్దామనుకున్నవాళ్లం పొద్దుగూకే దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడుకున్నదంతా ఇంట్లో వాళ్లు అనుకున్నట్టు చావుబతుకుల గురించి కాదు. కస్టమ్స్ సుంకాలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, ఇంటర్నెట్ రేట్లు, అమెరికా పత్తి. ఆ మనిషిని తల్చుకోవాలంటే మాకు తెలిసిన దారి అదొక్కటే.

ఆ రోజుల గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడైనా రాయకపోతే మళ్లీ రాయనేమో.

* * *

మా బూత్ హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట వైపు వెళ్లే రోడ్డు మీద ఉండేది. డబ్బు కట్టి వేరే ఊళ్లకు, వేరే దేశాలకు ఫోన్ చేసుకునే చోటు. పసుపు బోర్డు, దాని మీద నల్లటి అక్షరాలతో ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ. లోపల రెండు చెక్క కేబిన్లు, తలుపుకు అద్దం, పైన ఒక చిన్న ఫ్యాను. కేబిన్‌లో ఉన్నవాడి గొంతు బయటికి రాకూడదని తలుపు మూస్తారు గానీ, దూరం ఫోన్ అంటే గట్టిగా అరిచి మాట్లాడాలని అందరికీ ఒక నమ్మకం కదా, లోపలి కాపురాలన్నీ రోడ్డు మీదికి వినబడేవి. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నేను అక్కడ కౌంటర్‌లో కూర్చునేవాణ్ని. డిగ్రీ అయ్యాక పొద్దున కూడా నేనే.

నా ఎదురుగా మీటరు. ఎర్రటి అంకెలు. పల్స్ పడ్డప్పుడల్లా టిక్కుమనేది, రూపాయలు ఒక మెట్టు ఎక్కేవి. ఫోన్ పెట్టేయగానే పక్కనున్న చిన్న ప్రింటర్ గరగరమంటూ వేలెడంత చీటీ బయటికి తోసేది. ఆ చీటీని చించి ఇవ్వడం నా పని, చిల్లర వెతుక్కోవడం నా పని, కేబిన్‌లో ఎవరైనా ఏడుస్తుంటే మొహం అటు తిప్పుకొని కూర్చోవడం కూడా నా పనే.

రాత్రి పదకొండు దాటితే పావు రేటు. అందుకని పదిన్నర నుంచే అరుగు నిండిపోయేది. ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు, లాడ్జిల్లో దిగిన మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, బొంబాయిలో, దుబాయిలో మనిషి ఉన్న ఇళ్లవాళ్లు. గడియారం వైపు చూస్తూ అందరూ కూర్చుంటే మరి ఏం చేస్తారు, మాటలు మొదలయ్యేవి. ఆ మాటల్లోకే లెక్చరర్ సారు వచ్చి చేరారు. వాళ్లమ్మాయి పుణెలో ఉండేది, వారానికోసారి ఫోన్ చేయడానికి వచ్చేవారు. తర్వాత తర్వాత ఫోన్ లేని రోజుల్లో కూడా రావడం మొదలుపెట్టారు.

ఆర్ట్స్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఖద్దరు చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎవరు ఏ కబురు మొదలుపెట్టినా చివరికి ఆయన ఒకటే అడిగేవారు: "అంతా బాగనే ఉంది గానీ బిడ్డా, ఈ పైసలు చివరికి ఎటు పోతున్నయి?"

* * *

ఒక ముసలమ్మ గుర్తొస్తుంది. పరకాల వైపు నుంచి బస్సులో వచ్చేది. కొడుకు అమెరికాలో. అప్పుడు అమెరికాకు నిమిషానికి 60 రూపాయల పైనే. ఆమె కొంగులో నోట్లు ముడేసుకొని వచ్చి ముందే నాకు ఇచ్చేది, "గిన్ని పైసలకు ఎంతసేపు వస్తదో అంతసేపు మాట్లాడిపియ్యి బిడ్డా, ఎక్కువైతది అన్నప్పుడు తలుపు కొట్టు" అనేది. నేను తలుపు కొట్టాలి. ఆ పని నాకు ఎప్పుడూ చేతకాలేదు, కొట్టే లోపే ఆమే పెట్టేసి బయటికి వచ్చేది. అవతల కోడలు నిద్రపోతుందని, పిల్లాడు బాగున్నాడని చెప్పి, చీటీ తీసుకొని మడిచి మళ్లీ కొంగులో ముడేసుకునేది. ఆ చీటీలు ఏం చేసుకునేదో తెలియదు.

సారు ఒకసారి ఆమె వెళ్లాక నన్ను అడిగారు, ఇందులో నీకెంత, ఓనర్‌కెంత, టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌కెంత, సముద్రం అవతలి కంపెనీకెంత అని. నాకు తెలిసింది మా ఓనర్ కమీషన్ ఒక్కటే. మిగతాది ఆయనే కాగితం మీద వేసి చూపించారు: విదేశీ కాల్స్ అన్నీ సర్కారు కంపెనీ విదేశ్ సంచార్ నిగమ్ చేతి మీదుగా పోతాయని, అవతలి దేశం వాడికి కొంత కట్టాలని, ఆ మిగులుతోనే ఊళ్లలో చవగ్గా లోకల్ కాల్ నడుస్తుందని ఢిల్లీ వాళ్లు చెబుతారని. "చెబుతరు. మరి పరకాలకు లైన్లు వచ్చినయా, రాలేదా? అది చూడాలె" అన్నారు.

లైన్‌మన్ అన్న అక్కడే ఉన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. వచ్చినయి సార్, నేనే గుంజిన, మీరు చూడలేదు అని లేచి నిలబడ్డాడు. పల్లెల్లో పెట్టిన సీ-డాట్ ఎక్స్ఛేంజీల గురించి ఆయన మాట్లాడుతుంటే వినాలి. 1984లో మన దేశంలోనే పెట్టుకున్న సంస్థ, మన ఇంజినీర్లే తయారుచేసిన 128 లైన్ల పెట్టె, ఏసీ గది అక్కర్లేదు, మే నెల ఎండలో రేకుల షెడ్డులో కూడా నడుస్తుంది. బయటి నుంచి తెప్పించినవైతే చల్లటి గది కావాలి, పల్లెలో కరెంటే ఉండదు, ఏసీ ఎక్కడిది? "సార్, ఇది మనోళ్లు మన ఎండ చూసి చేసింది" అనేవాడు. ఆయన ఆ పెట్టె తలుపు తెరిచి కార్డులు తుడుస్తుంటే నేను చూశాను, పక్కన నిలబడి. నడుముకు తాడు, భుజానికి టెస్టింగ్ ఫోను, చేతిలో మెత్తటి గుడ్డ. ఒక్కో కార్డు బయటికి లాగి, అంచు తుడిచి, మళ్లీ నొక్కి, దాని దీపం వెలిగేదాకా చూసి గానీ ఇంకోదాని మీద చెయ్యి వేసేవాడు కాదు.

* * *

ఇంటర్నెట్ మా దాకా రావడానికి టైం పట్టింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ బొంబాయి, ఢిల్లీ లాంటి మహానగరాల్లో మొదలుపెట్టినప్పుడు వ్యక్తిగత కనెక్షన్ ఏడాదికి 15 వేలు, వేగం 9.6 కేబీపీఎస్. మా ఊళ్లో 15 వేలంటే ఒక గుమాస్తా జీతం కొన్ని నెలలది. మా ఓనర్ ధైర్యం చేసి కంప్యూటర్ కొన్నది ఆ తర్వాత ఎప్పుడో. మొదట్లో హైదరాబాద్ నంబరుకు ఎస్టీడీలో డయల్ చేయాల్సి వచ్చేది, అంటే గంట ఇంటర్నెట్‌కు గంట ఎస్టీడీ బిల్లు కూడా. లోకల్ నంబరు వచ్చాకే అది బేరమైంది.

మోడెమ్ మొదట డయల్ టోన్ వినిపిస్తుంది, తర్వాత అంకెలు టకటకా కొడుతుంది, తర్వాత కీచుమని ఒకటి, గరగరమని ఒకటి, రెండు గొంతులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి వెతుక్కుంటున్నట్టు. ఒక్కసారిగా నిశ్శబ్దమైందంటే కలిసినట్టు. బూత్ అంతా ఆ నిశ్శబ్దం కోసం చెవులు రిక్కించుకొని కూర్చునేవాళ్లం. వాన పడితే లైన్లో గురగుర. డీపీ బాక్సులో జాయింటు తడిసిందంటే ఆ పూటకు ఇంటర్నెట్ లేదు. అన్నకు కబురు పెడితే గొడుగు కూడా లేకుండా వచ్చి స్తంభం ఎక్కేవాడు.

అప్పుడు మొదలైంది అసలైన వాదన. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్ అమ్ముకునే అనుమతి వచ్చింది. మొదటగా దిగింది మన సత్యం వాళ్ల సత్యం ఇన్ఫోవే. అదే నవంబరులో హైదరాబాద్‌లో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు, పేపర్ల నిండా అదే. మా ఓనర్ ఆనందానికి హద్దు లేదు, గంటల ప్యాకు ధరలు తగ్గుతాయి, కస్టమర్లు పెరుగుతారు అని. లైన్‌మన్ అన్నకు మాత్రం మండిపోయింది. తీగ మాది, స్తంభం మాది, తవ్విన కాలువ మాది, పైన కూర్చొని అమ్ముకునేటోడు ఇంకొకడా అని. ఆర్‌ఈసీ పిల్లలు ఓనర్ పక్షం. సర్కారు ఒక్కటే అమ్మినన్ని రోజులు రేటు దిగదు సార్ అని గట్టిగా వాదించేవారు. రేటు దిగింది కూడా. నేను కౌంటర్‌లో చూస్తూ ఉండగానే గంటకు అరవై రూపాయలు తీసుకున్న బూత్ ముప్పైకి, ఆ తర్వాత పదిహేనుకు వచ్చింది. ఆ విషయంలో పిల్లలదే నిజమైంది, నేను అప్పుడూ వాళ్ల వైపే, ఇప్పుడూ వాళ్ల వైపే. కానీ అన్న మాటలో ఉన్న న్యాయం కూడా అంతే నిజం. పట్నాల్లో లాభమున్న చోట అమ్మడానికి పది మంది వస్తారు, ఏటూరునాగారం దాకా తీగ గుంజమంటే ఎవడొస్తాడు?

ఇక విదేశ్ సంచార్ నిగమ్‌నే అమ్మేసినప్పుడు చూడాలి. 2002 ఫిబ్రవరిలో 25 శాతం వాటా టాటాలకు 1,439 కోట్లకు వెళ్లింది. నెలలు తిరక్కుండానే ఆ కంపెనీ బోర్డు 1,200 కోట్లు టాటా టెలీసర్వీసెస్‌లో పెట్టాలని తీర్మానించింది. టెలికాం మంత్రి ప్రమోద్ మహాజనే అభ్యంతరం చెప్పారు. సారు పేపర్ మడిచి నా కౌంటర్ మీద పెట్టి, ఆ రెండు అంకెల కింద గీత గీసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారు. ఆయన మాట్లాడకుండా వెళ్లిన సాయంత్రాలు చాలా తక్కువ.

* * *

కంప్యూటర్ మీద సుంకం గురించి జరిగిన గొడవ ఇంకోటి. 1997 మార్చిలో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో, అంటే డబ్ల్యూటీఓలో, సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. కంప్యూటర్లు, విడిభాగాలు, టెలికాం సామాన్లు, మొత్తం 217 రకాల మీద దిగుమతి సుంకం దశలవారీగా 2005 నాటికి సున్నా చేయాలి. మా బూత్‌కి రెండో కంప్యూటర్, మూడో కంప్యూటర్ వచ్చిందే ఆ ధరలు దిగడం వల్ల. సికింద్రాబాద్‌లో సామాను కొని బస్సు పైన కట్టుకొని తెచ్చి, మేమే బిగించుకున్నాం. మానిటర్ ఒడిలో పెట్టుకొని నేను కూర్చున్నాను, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా.

సారుకి హైదరాబాద్ ఈసీఐఎల్ అంటే ప్రాణం. 1967లో పెట్టిన సంస్థ, సొంతంగా కంప్యూటర్ చేసిన సంస్థ, అక్కడ పనిచేసిన స్నేహితులు ఆయనకు ఉన్నారు. "మనకు చేసుడు రాదని కాదు. చేసేటోనికి పదేండ్లు తోడుండాలె. సున్నా సుంకం అంటే రేపటి నుంచి కొనుక్కొచ్చుడే, చేసుడు ఉండది" అన్నారు. ఓనర్ ఊరుకోలేదు, సార్, వాళ్లు చేసేదాకా ఆగితే నా బూత్‌లో పిల్లలు ఏ సంవత్సరం నేర్చుకోవాలి అన్నాడు. నాకు అప్పుడు ఓనర్ మాటే మాట. ఆ చవక మిషన్ లేకపోతే నేను కేబుల్ బిగించడం, నెట్‌వర్క్ పెట్టడం నేర్చుకునేవాణ్ని కాదు, ఈ రోజు తింటున్న అన్నం ఆ పనిదే.

కానీ అదే ఒప్పందం తర్వాత ఎలా తిరిగిందో చూశాం. ఫోన్లు ఇక్కడ తయారవ్వాలని 2018 బడ్జెట్‌లో మొబైల్ ఫోన్ల మీద సుంకం 20 శాతం చేశారు. యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ వేర్వేరుగా డబ్ల్యూటీఓకు వెళ్లి ఆ పాత సంతకాన్నే చూపించాయి, 2023 ఏప్రిల్‌లో అక్కడి విచారణ ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. అప్పీలుకు వెళ్దామంటే అప్పీలు వినే సంఘంలో 2019 డిసెంబరు నుంచి సరిపడా సభ్యులే లేరు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా సారు ఫోన్ చేసి, చూసినవా అన్నారు. గెలిచానన్న గొంతు కాదు, చాలా దిగులుగా అన్నారు.

* * *

నెట్‌ ఫోన్ సంగతి చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకొని అమెరికాకు మాట్లాడొచ్చని ఆర్‌ఈసీ పిల్లలు కనిపెట్టారు. నిమిషానికి 60 రూపాయల మాట రెండు మూడు రూపాయలకు వచ్చేస్తుంది. కానీ అది చట్టవిరుద్ధం. 2002 ఏప్రిల్ 1 దాకా ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడించడం నిషేధం. కొన్ని ఊళ్లలో చాటుగా నడుస్తుందని వినేవాళ్లం. మా ఓనర్ దగ్గర మాత్రం ఆ మాటెత్తకూడదు, లైసెన్సు పోతే ఇంటిల్లిపాదీ రోడ్డున పడతామనేవాడు.

ఆ పరకాల ముసలమ్మ కేబిన్‌లో ఉన్నప్పుడు ఒక కుర్రాడు నా పక్కన నిలబడి గొడవకు దిగాడు. చట్టం ఎవరి కోసం చేశారు, ఆమె మూడు నిమిషాలకు ఇచ్చే డబ్బుతో గంట మాట్లాడొచ్చు, ఆ తీగ మీద మాట పోతే తప్పు, అక్షరం పోతే ఒప్పు ఎలా అవుతుంది అని. లైన్‌మన్ అన్న నుంచి కూడా జవాబు రాలేదు. సారు మాత్రం ఒకటన్నారు: "ఆ కుర్రాడు చెప్పేది సరైనదే. కాకపోతే అన్న జీతం కూడా ఆ అరవై రూపాయల్లోనే ఉంది. అది తీసేస్తే ఎక్కడి నుంచి తెస్తరో ముందు చెప్పుమనుండ్రి." నిషేధం ఎత్తేసిన వారం మా బూత్‌లో కెమెరా కూడా పెట్టాం. ఆమె కొడుకును తెర మీద చూసింది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, మొహం సగమే వస్తోంది. "బక్కగైనవ్ కొడుకా" అని తెరను చేత్తో తడిమింది. ఇంటర్నెట్‌లో ఎవరు ఎంత వసూలు చేయొచ్చు అనే వాదన వచ్చినప్పుడల్లా నాకు ముందు ఆ చెయ్యే గుర్తొస్తుంది, అందుకే ఆ నిషేధాన్ని సమర్థించే మాట ఈ రోజుకీ నాకు మింగుడుపడదు.

* * *

పత్తి సేటు మా అరుగు మీదికి వచ్చింది ధరల కోసం. ఎనుమాముల మార్కెట్లో అడ్తి వ్యాపారం, రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టడం. పొద్దున్నే యార్డుకు వెళ్లేముందు స్కూటర్ ఆపి, ఇంటర్నెట్‌లో విదేశీ పత్తి ధర చూసి చెప్పమనేవాడు. నేను చీటీ మీద రాసి ఇస్తే జేబులో పెట్టుకొని వెళ్లేవాడు. 2001 చివర్లో ఆ ధర పౌనుకు 40 సెంట్ల కిందికి పడిపోయింది. చీటీ చూసి, తప్పు రాసినవేమో మళ్లోసారి చూడు అన్నాడు. మళ్లీ చూశాను. అదే అంకె.

వరంగల్ జిల్లా వాళ్లకు పత్తి గురించి చెప్పక్కర్లేదు. 1997-98 పంటను పురుగు తినేసింది, మందుల అప్పులతో రైతులు అదే మందు తాగి చనిపోయారు, జిల్లా ఆసుపత్రి ముందు ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు. ఆ ఏడు బూత్‌లో వచ్చే ఫోన్లు వేరుగా ఉండేవి. ఎక్కువసేపు ఉండవు. "జల్ది రాండ్రి" అంతే. మీటరు ఒక్క పల్స్ కూడా పూర్తిగా కొట్టకముందే పెట్టేసేవారు. రాష్ట్రమంతా హైటెక్ సిటీ గురించి మాట్లాడుతున్న రోజులవి. ఆ రెండూ ఒకే పేపర్లో, ఒకే పేజీలో వచ్చేవి.

అందుకే డబ్ల్యూటీఓ మాట మా దగ్గర గాలి కబురు కాదు. సేటుది ఒక వాదన: సరుకు సరుకే, ఎక్కడ చవకైతే అక్కడ కొంటరు, మన రైతు కూడా ఎగుమతి చేసుకోవాలె, గేట్లు మూసుకుంటే ఎట్లా? సారుది ఒకటి: అమెరికా తన 25 వేల మంది పత్తి రైతులకు ఆ ఒక్క ఏడే 300 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది, ఇక్కడి రైతుకు ఎరువు సబ్సిడీ తీసేయమని చెబుతుంది, ఇది చవక పత్తా, డబ్బులు పోసి చవక చేసిన పత్తా? సేటు దీనికి తిరిగి చెప్పలేక కాదు, నిజంగానే ఆలోచనలో పడేవాడు. ఆయనది మాట మీద నిలబడే మనిషి కాబట్టి మాట మార్చుకోవడానికి టైం తీసుకునేవాడు.

2003 సెప్టెంబరులో మెక్సికోలో, కాంకున్‌లో డబ్ల్యూటీఓ మంత్రుల సమావేశం. సారు ముందే చెప్పి పెట్టారు, అక్కడి ముసాయిదా ఇంటర్నెట్‌లో పెడతారట, తీసి పెట్టమని. ఆ ఫైలు దిగడానికి ఎంతసేపు పట్టిందో, మధ్యలో రెండుసార్లు లైను తెగింది, మళ్లీ మొదటి నుంచి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద రాత్రి వేళ ఒక్కో వరుస కీచుకీచుమంటూ పడుతుంటే, పక్కన చిల్లుల అంచు ఉన్న కాగితం మడతలు మడతలుగా నేల మీదికి జారుతోంది. సారు కుర్చీలో కూర్చోలేదు. ప్రింటర్ పక్కనే నిలబడి, వచ్చిన వరుస వచ్చినట్టు చదువుతున్నారు. సేటు స్టూలు మీద.

ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు పత్తి సబ్సిడీలు ఎత్తేయండి, అప్పటిదాకా మాకు నష్టం కట్టండి అని అడిగాయి. ముసాయిదాలో పత్తి గురించి ఒక పేరా ఉంది. అందులో సబ్సిడీలు ఎప్పుడు ఆపుతారో లేదు. చర్చలు జరుపుతామని ఉంది, ఇంకా పత్తి మీదే బతికే దేశాలు వేరే వాటి వైపు మళ్లడానికి అంతర్జాతీయ సంస్థలు సాయం చేయాలని ఉంది. సారు దాన్ని తెలుగులో చెప్పారు. సేటు కాసేపు కాగితం వైపే చూసి, "అంటే ఏంది సార్, పత్తి ఏసుడే బందు పెట్టుమంటున్నరా?" అన్నాడు.

ఆ మర్నాడే చర్చలు కుప్పకూలాయి. మన దేశం, బ్రెజిల్, చైనా అంతా ఒక గుంపుగా నిలబడ్డాయని టీవీలో వచ్చింది. అరుగు మీద ఆ సాయంత్రం అందరికీ సేటే చాయ్ చెప్పాడు.

తర్వాత కథ కూడా చెప్పాలి. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ ఒక్కతే డబ్ల్యూటీఓలో కేసు వేసి 2005 మార్చిలో గెలిచింది. గెలిస్తే సబ్సిడీ పోవాలి కదా. 2010 నుంచి అమెరికా బ్రెజిల్ పత్తి వాళ్లకు ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది, 2014లో ఇంకో 30 కోట్లు ఇచ్చి కేసు ముగించుకుంది. కేసు వేసే స్తోమత ఉన్నవాడికి పరిహారం దొరికింది. పౌను 40 సెంట్లయినప్పుడు ఎనుమాముల యార్డులో బస్తాల మీద పడుకున్న మనిషికి ఏం వచ్చింది? సారు ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నేను ఎక్కడా చూడలేదు. ఎటు పోయాయో అంకెలతో సహా ఉంది.

* * *

పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి విత్తనం వచ్చాక వాదన మా పిల్లల చేతికి వచ్చింది, ఎందుకంటే అది కూడా టెక్నాలజీయే. 450 గ్రాముల ప్యాకెట్ దాదాపు 1,800 రూపాయలు, అందులో సుమారు 1,250 టెక్నాలజీ రుసుము. సాఫ్ట్‌వేర్ లైసెన్సు లాంటిదే సార్ ఇది, కనిపెట్టినవాడికి ఇవ్వాలి కదా అన్నాడు ఒక ఆర్‌ఈసీ అబ్బాయి. ఇవ్వాలె, ఎంత ఇవ్వాలె, ఎవరు చెప్పాలె అని సారు. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వమే ఆ రుసుము మీద గుత్తాధిపత్య కమిషన్‌కు వెళ్లింది, ప్యాకెట్ 750కి దిగింది. కంపెనీ పారిపోలేదు, విత్తనం ఆగలేదు. ధర అనేది ప్రకృతి ధర్మం కాదని, అడిగితే దిగుతుందని నాకు అర్థమైంది ఆ ఏడే.

* * *

2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అప్పటి లెక్కలో 256 కేబీపీఎస్ అంటేనే బ్రాడ్‌బ్యాండ్. ఇంటికి పెట్టుకున్నవాళ్లకు రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క లేని ప్లాన్ ఒకటుండేది, ఊళ్లో ఇంజినీరింగ్ పిల్లలంతా రెండు గంటలకు అలారం పెట్టుకొని లేచి డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవారు. మోడెమ్ కీచులు ఆగిపోయాయి. ఎస్టీడీ రేట్లు పడిపోయాయి, సెల్లులు వచ్చాయి, కేబిన్లు ఖాళీ. ఓనర్ ఒక కేబిన్ పీకించి జిరాక్స్ మిషన్ పెట్టాడు, కొన్నాళ్లకు రెండోదీ పీకించాడు. నేను హైదరాబాద్ వచ్చేశాను.

అరుగు పోయినా వాదన పోలేదు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఉచిత ఇంటర్నెట్ అని మొదలుపెట్టింది, మొదటి ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఉచితమే, కానీ వాళ్లు ఎంచిన సైట్లు మాత్రమే. ఆ ఏడు చివర్లో పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు. మా ఆఫీసులో సగం మంది, పేదవాడికి ఏదీ లేనిదానికంటే ఇది నయం కదా అన్నారు. సారు ఫోన్ చేశారు. "ఉచితమంటున్నరు, ఇన్ని ఫుల్ పేజీ యాడ్‌లు ఎవరి పైసలు?" నేను విషయమంతా చెప్పాను, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడుగుతోందని కూడా. ఆయన చెబుతుంటే నేను టైప్ చేసి పంపాను. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: మా జిల్లాలో విత్తనం అమ్మేవాడే ధర చెప్పిన రోజులు చూశాం, దారి వేసినవాడే ఏ దుకాణానికి పోవాలో చెప్పే రోజు మాకు వద్దు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వేర్వేరు సైట్లకు వేర్వేరు రేట్లు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు నేనే ఫోన్ చేశాను. ఆయనకు చెవి సరిగా వినబడటం లేదు అప్పటికే. మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది.

* * *

లైన్‌మన్ అన్న 2020 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద రిటైర్మెంట్, తీసుకున్నాడు. దేశమంతా 78 వేల మందికి పైగా ఒకే రోజు బయటికి వచ్చేశారు. ఆయన టెస్టింగ్ ఫోను ఇంట్లోనే ఉంది, మనవడు ఆడుకుంటాడట. వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు ఆయన ఎక్కువగా మాట్లాడింది కొత్త 4జీ గురించే. 2025 సెప్టెంబరులో బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ ప్రారంభించింది కదా, దాని గుండెకాయ లాంటి కోర్ తయారుచేసింది సీ-డాటే. అన్న కళ్లల్లో వెలుగు. చూసినవా తమ్మీ, మళ్ల మనోళ్లే అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. అన్నా, మిగతా కంపెనీలు 4జీ ఇచ్చి పదేళ్లు దాటింది, 5జీ కూడా వచ్చింది, ఇప్పుడు ఇచ్చి ఏం లాభం అన్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పదేళ్లు కొననియ్యకపోతే, డబ్బులియ్యకపోతే, టెండర్లు రద్దు చేస్తే లేటు కాకేమయితది, ఆ పదేండ్లు మాకు తోడు ఎవలున్నరు అన్నాడు. సేటు మధ్యలో దూరి, గవన్నీ కాదు, మా యార్డుల సిగ్నల్ వస్తదా రాదా గది చెప్పు అన్నాడు. వస్తది, ఎందుకు రాదు, రేపే సిమ్ కొనియ్యి చూపిస్త అని అన్న. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు అన్నప్పుడు ఇలాగే అన్నారు, రెండు రోజుల్లో వాయిదా వేశారు, స్వదేశీ అంటే ముందు చేసి చూపించాలి అని నేను. అన్న లేచి నిలబడ్డాడు, అప్పటిలాగే. లోపలి నుంచి సారు కూతురు చాయ్ తెచ్చి, ఇంకా తెమల్లేదా మీది అంది. తెమల్లేదు. అన్న మొన్న ఆదివారం కూడా ఫోన్ చేశాడు, కొత్త సిమ్ నుంచే, సేటు యార్డులో నిలబడి. మాట స్పష్టంగా వినిపించింది. డేటా వేగం ఎంత వస్తుందో కొలిచి పంపమన్నాను, ఇంకా పంపలేదు.